చల్లగాలిలో ముక్కవాసన

ఛత్తీస్‌గఢ్ మైదానమున జూన్ నెల సగము గడచి తొలివాన కురిసినంతనే నేలనుండి లేచు మట్టివాసనను మెచ్చని మనుజుడుండడు గాని, ఆ వారముననే, ఆ తేమ కారణముగనే, భిలాయి ఉక్కునగరపు రుఆబాంధా సెక్టారులో క్వార్టర్ల ముందు నిలిపియున్న కార్లలో ఏసీ మీట నొక్కగానే గుప్పున ముఖమునకు కొట్టు గాలిని మెచ్చువాడు మాత్రము ఒక్కడును కానరాడు. చిత్రమేమనగా, ఈ రెండు వాసనల పుట్టుక ఒకే తీరుది. మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ అను ద్రవ్యమును 1965లో అమెరికాలో గెర్బర్, లెషెవాలియే అను శాస్త్రజ్ఞులిరువురు నేలలో నివసించు సూక్ష్మజీవుల నుండి వేరు చేసి చూపిరి. లక్ష కోట్ల పాళ్ల నీటిలో అది కొద్ది పాళ్లు మాత్రమే యున్నను మన నాసిక పసిగట్టును. తడి తగిలిన ధూళిలో సూక్ష్మజీవులు పెరుగుట, పెరిగి గాలిలోనికి ఏవో ఆవిరులను విడుచుట అక్కడ నెట్లో యిక్కడ నట్లే. కాకపోతే అక్కడ ఆకాశమంత చోటున్నది, ఇక్కడ నాలుగు తలుపుల నడుమ ఐదుగురు మనుష్యులున్నారు.

ఈ వ్యాధికి రుఆబాంధా వంటి తావు ఏల అనువైనదో తెలియవలెనన్న ఆ ఊరి పుట్టుకను, సంవత్సరగమనమును ఒకింత చూడవలెను. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఉక్కు కర్మాగారమునకై ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలము నుండియు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువారు ఈ నగరమున వేళ్లూనుకొనిరి. తాతలు సైకిళ్లపై ప్లాంటుకు పోయిరి. తండ్రులు స్కూటర్లు కొనిరి. మనుమలు నేడు సెక్టారు 5లోని బాలాజీ మందిరమునకు సైతము కారులోనే పోవుచున్నారు. చెట్లు దట్టముగా పెంచిన టౌన్‌షిప్పు గనుక కారును ఏ వేపచెట్టు నీడనో నిలుపుట ఆచారము. మార్చి మొదలు జూన్ నడిమి వరకు, పగటి వేడిమి నలువది నాలుగైదు డిగ్రీలకు చేరు దినములలో, లూ అను వడగాలి వీచుచు మైదానపు ధూళిని, కర్మాగారపు నలుసును, రాలిన వేపాకును, పువ్వుల పొడిని తెచ్చి ముందుటి అద్దము క్రిందనున్న జాలీలో పోయును. ఆ జాలీయే కారు లోపలికి గాలి పోవు ద్వారము. ఇన్ని నెలలపాటు ఇట్లు ఎరువు చల్లిన పిమ్మట వర్షర్తువు వచ్చి నీరు పెట్టును. ఇంతటి శ్రద్ధతో సేద్యము సాగిన చోట పంట పండకుండుటెట్లు?

ఆ పొలమెక్కడ నున్నదో ఇక చూతము. ముందు సీటున కూర్చున్నవాని మోకాళ్ల కెదురుగా నుండు చిన్న అరకు వెనుక, డ్యాష్‌బోర్డు గర్భములో, ఒక ప్లాస్టిక్ పెట్టె కలదు. అందులో సన్నని అల్యూమినియపు రేకులు దువ్వెన పండ్లవలె దగ్గర దగ్గరగా పేర్చిన ఒక పలక యుండును. శాస్త్రగ్రంథములలో దానిని ఎవాపరేటర్ అనుచున్నను, గ్యారేజీలో మెకానిక్కులందరును దానిని కూలింగ్ కాయిల్ అనియే పిలుతురు. శీతలవాయువు, అనగా మెకానిక్కు ‘గ్యాసు’ అను పదార్థము, దాని గొట్టములలో ద్రవరూపమున ప్రవేశించి ఆవిరియగుచు, ఆవిరియగుటకు వలసిన వేడిని చుట్టునున్న గాలినుండి గుంజుకొనుటచే, ఆ రేకులు నీరు గడ్డకట్టు స్థితికి కొద్ది డిగ్రీలు మాత్రమే ఎగువన నుండునంత చల్లనగును. తేమగల గాలి అట్టి రేకులను తాకినప్పుడు తన తేమను అచ్చటనే నీటి బొట్లుగా విడుచును. ఆ నీరు పెట్టె అడుగున చేరి, ఒక రబ్బరు గొట్టము గుండా కారు క్రిందికి కారిపోవును. ఏసీ వేసి నిలిపిన కారు క్రింద నీటిమడుగు చూచి ‘ఏదో లీకైనద’ని కలవరపడువారు కలరు, వాస్తవమునకు ఆ మడుగు ఆరోగ్యలక్షణము, వానకాలమున అది కనబడకుండుటయే అనుమానింపదగినది.

యంత్రము నడుచుచున్నంతసేపు చిక్కు లేదు. నీరు పుట్టును, పోవును. మనము ఇంటికి వచ్చి తాళపుచెవి త్రిప్పి దిగినప్పుడే కథ ఆరంభమగును. రేకుల సందులలో చిక్కిన నీరు అక్కడనే నిలిచిపోవును. చల్లదనము క్రమముగా తగ్గి వెచ్చదనము వచ్చును. గాలి కదలదు, వెలుతురు సోకదు. వేసవిలో చేరిన ధూళి, పుప్పొడి, సీటుబట్టల నూలుపీచు, మన శరీరములనుండి రాలు చర్మపు పొట్టు ఆహారముగా సిద్ధముగా నుండును. బూజుజాతి శిలీంధ్రములు, బాక్టీరియాలు అచ్చట కాపురముండి, రేకులమీద జిగురువంటి పలుచని పొర నల్లుకొనును. అట్లాంటా నగరమందలి జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు కార్ల ఏసీలలోని ఈ పొరను పరీక్షించి, అందు పెనిసిలియమ్ జాతి బూజును, మెథిలోబాక్టీరియమ్ జాతి బాక్టీరియాను గుర్తించి, వాని పెరుగుదలతోపాటు వెలువడు ఆవిరులను గూర్చి 2000 సంవత్సరమున ప్రకటించిరి. కనుక ముక్కవాసన యనునది ‘కారు పాతబడిన గుర్తు’ కాదు. షోరూమునుండి వచ్చి రెండు వర్షాకాలములు చూచిన కారుకును ఇది రావచ్చును. ఇరువది యేండ్ల కారుకు రాకపోవచ్చును.

ఈ వాసన ఏసీ వేసిన మొదటి నిమిషమున ఘాటుగా కొట్టి, పిదప తగ్గినట్లు తోచుటకు రెండు కారణములు. రాత్రియంతయు పెట్టెలో నిలువయున్న ఆవిరి ఒక్కసారిగా బయటకు నెట్టబడుట మొదటిది; మన ముక్కు దానికి అలవాటుపడి గమనించుట మానుట రెండవది. ఈ రెండవదానివలననే కారు యజమానికి తన కారు కంపు తెలియదు. తెలిసినది మొగమాటము చేత చెప్పని అతిథికి. ఇంటి పిల్లలు మాత్రము నిర్దాక్షిణ్యముగా చెప్పుదురు, వారి మాట వినదగును.

వాతావరణమునకు ఈ వ్యవహారముతో నున్న సంబంధము వేసవి సెలవులలో స్వగ్రామమునకు కారులో పోవువారికి బాగుగా అనుభవములోనికి వచ్చును. భిలాయినుండి ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా పోవునంతసేపు పొడిగాలిలో ఏ వాసనయు లేని కారు, సాలూరు కొండ దిగి విజయనగరపు ఉక్కలో ప్రవేశించినంతనే ముక్కవాసన వేయ మొదలిడును. ‘సముద్రపుగాలి పడలేద’ని అనుకొనుట పరిపాటి. రేకులమీద ఎండి నిద్రించుచున్న పొరకు తీరప్రాంతపు తేమ సమృద్ధిగా తగులుటయే ఇక్కడ జరిగిన విషయము.

భిలాయిలో ఏప్రిల్ వచ్చునప్పటికి కిటికీలకు కూలర్లు అమర్చుదురు. కూలరును, ఏసీని ఒకే జాతికి చెందిన వస్తువులుగా తలచుట కలదు గాని, నీటి విషయమున అవి పరస్పర విరోధులు: కూలరు గాలికి నీటినిచ్చి చల్లబరచును, ఏసీ గాలినుండి నీటిని గుంజి చల్లబరచును. ఇందుచేతనే వానలు పడగానే కూలరు నిరుపయోగమగును, ఏసీకి పని పెరుగును. అసలు ఏసీ జన్మకారణమే తేమను తొలగించుట. 1902లో విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయమున, తేమకు కాగితము ఉబ్బి రంగులు ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండకపోవుటను నివారించుటకై తన యంత్రమును రూపొందించెను. మనుష్యుల సుఖము పిదప వచ్చిన ఆలోచన. మన దేశమున 1934లో ఫ్రాంటియర్ మెయిలు రైలుపెట్టెను చల్లబరచినది మంచుదిమ్మలతో. అమెరికాలో ప్యాకార్డు సంస్థ 1940 మోడలు కార్లలో తొలిసారిగా ఏసీ నమర్చినప్పుడు, దానిని పూర్తిగా ఆపవలెనన్న కారు నిలిపి, మూత యెత్తి, బెల్టును చేతితో ఊడదీయవలసియుండెను! నేటి సుఖము ఎంతో మెరుగైనది. అయినను గాలినుండి తీసిన తేమను ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న నాటినుండి నేటివరకు ఆ యంత్రమును వదలలేదు. ఏటేట వేసవి రాగానే కూలరు గడ్డిని తప్పక మార్చు గృహిణి యున్న యింట, కారులో ఫిల్టరు ఒకటి యున్నదను సంగతియే యజమానికి తెలియకపోవుట నేను పలుమారు చూచిన వింత.

చికిత్సకు ముందు నిదానము అవసరము. కారులో వచ్చు ప్రతి దుర్గంధమును బూజుకు అంటగట్టరాదు. భిలాయిలో మొదట ఆలోచింపవలసినది బయటిగాలి. బొగ్గును కోకుగా మార్చు బట్టీలనుండి అమ్మోనియా, తారు, బెంజాల్ మొదలగునవి ఉపోత్పత్తులుగా వచ్చును; గాలి వాలునుబట్టి ఆ వాసన కొన్ని వేళల వీధులకు చేరుట కలదు. బయటిగాలిని లోపలికి తెచ్చు మీట తెరచియున్న కారు దానిని లోపలికి లాగును. ఆ మీటను లోపలిగాలియే తిరుగునట్లు మార్చినపుడు వాసన తగ్గినచో దోషము కారుది కాదు. కుళ్లిన మాంసపు వంటి కంపు, దినదినమునకు పెరుగునది, బూజు కాదు. పెరటితోటలున్న క్వార్టర్లలో ఎలుకలు కొదువ కావు, వెచ్చని పెట్టెను వెదకుకొని బ్లోయరులో దూరి అచ్చటనే చచ్చుట అరుదును కాదు. దానిని తీసివేయుట తప్ప మరియే మందును పని చేయదు. తీయని, సిరపువంటి వాసన వచ్చుచు, అద్దము లోపలివైపు జిడ్డు పొగమంచువలె పట్టుచున్నచో, ఇంజనును చల్లార్చు కూలెంటు ద్రవము లోపలి హీటరు గొట్టములనుండి కారుచున్నదని గ్రహింపవలెను. అది విషపదార్థము, ఇంజనుకును ముప్పు. కాలిన ప్లాస్టికు వాసన వైర్లది. పెట్రోలు వాసన వచ్చినచో ఏసీ సంగతి మరచి, కారును ప్రక్కకు తీసి ఆపి, అందరును దిగవలెను. పొగగొట్టపు వాసన లోపలికి వచ్చుట అన్నిటికంటె ప్రమాదకరము. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు స్వతహాగా వాసన లేదు గనుక, తక్కిన పొగ వాసనయే మనకు దొరకు హెచ్చరిక. నిలిపిన కారులో అద్దములు మూసి, ఏసీ వేసుకొని నిదురించుట యెవ్వరును చేయరాని పని.

ఇవి యేవియు కావు, తడిబట్ట ముడిచి పెట్టినట్టి, పాతచెప్పుల మూటవంటి వాసనయే యని తేలినచో, మొదట మెకానిక్కు పలుకు మొదటి మాటను పక్కన పెట్టవలెను. ‘గ్యాస్ కమ్ హో గయా’ (గ్యాసు తగ్గినది) అను వాక్యము భిలాయి గ్యారేజీలలో సర్వరోగనివారిణి. నేటి కార్లలో ఎక్కువగా వాడు ఆర్-134ఏ వాయువునకు చెప్పుకోదగిన వాసనయే లేదు. గ్యాసు తగ్గినపుడు చల్లదనము తగ్గును గాని కంపు పుట్టదు. గ్యాసు నింపించుకొని కంపు పోలేదని వగచినవారు ఒక రోగమునకు మందు కొని మరియొక రోగముతో ఇంటికి వచ్చినవారే.

మొదట చూడవలసినది క్యాబిన్ ఫిల్టరు. పెక్కు కార్లలో అది ముందుటి అరకు వెనుకనే యుండును. అరను విప్పి, చిన్న మూత తొలగించినచో ముడుతలు ముడుతలుగా నున్న ఒక కాగితపు పలక చేతికి వచ్చును. పాత చిన్న కార్లలో కొన్నింటికి ఈ ఫిల్టరే లేదు. వాని యందు ధూళియంతయు నేరుగా కాయిలు మీదకే పోవును. ఫిల్టరు నలుపెక్కి, ఆకులు, పురుగులు చేరియున్నచో దులిపి మరల పెట్టుట లోభమే యగును. పదివేల నుండి పదునైదువేల కిలోమీటర్లకు ఒకసారి మార్చుమని తయారీదారులు సాధారణముగా చెప్పుదురు. రుఆబాంధాలో మాత్రము కిలోమీటర్ల లెక్క కట్టిపెట్టి, ధూళికాలము ముగిసి వాన మొదలగుటకు ముందు, అనగా జూన్ తొలిపక్షమున, ఏటేట మార్చుట మేలని నా అభిప్రాయము. జూలైలో వాసన వచ్చిన పిదప మార్చుట కంటె ఇది చౌక. వాసనలను పీల్చు బొగ్గుపొడి గల ఫిల్టర్లు కొంత ఖరీదు హెచ్చు. కోకు బట్టీల గాలి సోకు చోట ఆ హెచ్చు వృథా కాదు.

తరువాత బానెట్టు తెరచి అద్దము క్రింది జాలీలోని వేపాకులను చేతితో ఏరివేయవలెను. ఆ పిదప నీరు పోవు రబ్బరు గొట్టము. ఏసీని పదునైదు నిమిషములు నడిపి కారు క్రింద చూచినచో, తేమగల దినమున బొట్లు బొట్లుగా నీరు కారుచుండవలెను. కారనిచో గొట్టములో బురద అడ్డుపడియుండును; నీరు పెట్టెలో నిండి, మలుపు తిరిగినపుడు ‘గలగల’మని చప్పుడగుటయు, ముందుసీటు క్రింది చాప తడియగుటయు దాని గుర్తులు. అట్టి తడి చాప క్రింది నురుగుపరుపులోనికి ఇంకినచో కాయిలు ఎంత కడిగినను వాసన పోదు. చాపలెత్తి, క్రింది పరుపును ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. గొట్టమును క్రిందినుండి మెత్తని సన్నని తీగతోనో, తేలికపాటి గాలితోనో తెరపింపవచ్చును. మొనదేలిన ఇనుపకమ్మిని పైకి పొడిచి కాయిలుకే రంధ్రము చేసినచో అప్పుడు నిజముగనే గ్యాసు పోవును.

ఇంత చేసినను పొర మిగిలియుండును గనుక దానిని కడుగవలెను. విడిభాగముల దుకాణములలో ఎవాపరేటర్ క్లీనర్ అను పేర నురుగుడబ్బాలు దొరకును. ఇంజను ఆపి, ఫిల్టరు తీసివేసి, డబ్బాతో వచ్చు సన్నని గొట్టమును ఫిల్టరు సందునుండియో, క్రింది నీటిగొట్టము గుండానో కాయిలు వరకు పోనిచ్చి, నురుగును నింపి, డబ్బా మీద వ్రాసినంతసేపు వదలివేసినచో, ఆ నురుగు కరగి నల్లని నీరై క్రిందికి కారును. ఆ నీటిని ఒకసారి చూచినవాడు మరుసటి యేడు ఎవరును చెప్పకయే ఈ పనికి పూనుకొనును. పిమ్మట తలుపులు తెరచి, బ్లోయరును గరిష్ఠమున కొంతసేపు నడిపి, ఆ వేళ లోపల నెవ్వరును కూర్చుండకుండుట మంచిది. నేలమీద పెట్టి మీట నొక్కి తలుపులు మూయు పొగడబ్బాలు కూడ కలవు; అవి తేలిక దోషమునకు చాలును గాని, దట్టముగా పట్టిన జిగురును కరగించునంతటి శక్తి వానికి లేదు. బ్లీచింగు ద్రవమును, ఫినాయిలును వాడరాదు: మొదటిది అల్యూమినియపు రేకులను తినివేయుటయే గాక, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేయును, రెండవదాని వాసన నెలలతరబడి పీల్చవలసి వచ్చును. ఓజోను యంత్రముతో శుద్ధి చేయుదుమను వారును కలరు. ఓజోను వాసనను చంపునన్నది నిజమే గాని, శ్వాసకోశమునకు హానికరము, రబ్బరును పెళుసెక్కించును, పైగా కాయిలు మీది మురికిని అది కడుగజాలదు. ఇక డ్యాష్‌బోర్డు మీద నిలిపెడి అత్తరుసీసాలు, ఏసీ జాలీకి తగిలించు సువాసన బిళ్లలు మల్లెపూలతో ముక్కవాసనను కలిపి మూడవ వాసన నొకదానిని సృష్టించుట తప్ప వేరు మేలు చేయవు. ఉబ్బసము గల వృద్ధులు, పసిపిల్లలు ఉన్న యింట బూజుకు అత్తరు పూయుట కేవలము అవివేకము. బూజుపొడి గాలిలో తిరుగుచునే యుండును, మనకు తెలియకుండుట యొక్కటే అదనము.

కడిగిన కాయిలు మరల బూజు పట్టకుండుటకు ఖర్చులేని అలవాటు ఒకటి కలదు. ఇల్లు చేరుటకు నాలుగైదు నిమిషములు ముందుగా ఏసీ మీటను ఆపి, బ్లోయరును మాత్రము వేగముగా నడుపుచు, బయటిగాలి ద్వారము తెరచి రావలెను. రేకులమీది నీరు చాలవరకు ఆరును. జూలై, ఆగస్టు మాసములలో బయటిగాలియే తడిసియుండును గనుక పూర్తిగా ఆరునని చెప్పజాలను; అయినను నీరు నిలిచి కారుచుండుటకును, చెమ్మ మిగులుటకును భేదము కలదు. వానలు తెరపి యిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నమున కారును చెట్టునీడనుండి బయటకు తెచ్చి, అద్దములు కొంచెము దింపి ఎండలో నిలుపుట దీనికి తోడ్పాటు. ఇటీవలి కార్లలో కొన్ని ఇంజను ఆగిన పిదప తమంత తామే బ్లోయరును కొద్దిసేపు నడుపుకొని కాయిలును ఆరబెట్టుకొనుచున్నవి. ఆగిన కారులో గాలిచప్పుడు విని ఏదో చెడినదని భయపడనక్కరలేదు.

నురుగుతో రెండుమార్లు కడిగినను కంపు నిలిచినచో, డ్యాష్‌బోర్డును విప్పి కాయిలును బయటకు తీసి కడుగుట యొక్కటే మార్గము. అది ఒకరోజు పని. గ్యాసును తీసి మరల నింపవలెను, ఎన్నో మరలు, క్లిప్పులు విప్పి బిగింపవలెను, బిగింపు సరిగా లేనిచో కారు గతుకులలో జీవితాంతము కిటకిటలాడును. ఆ పనికి ఒప్పుకొనుటకు ముందు కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు విప్పకయే బ్లోయరు వైపునుండి కాయిలును అందుకొను వీలున్నదేమో అడుగుట, కాయిలు తీసినపుడు పెట్టె అడుగును, నీటిగొట్టమును కూడ తోముమని ముందే చెప్పుట, విప్పిన కాయిలులో లీకున్నదేమో అప్పుడే పరీక్షింపజేయుట అవసరము. ఆ రోజుననే క్రొత్త ఫిల్టరు వేయింపవలెను; ఆదా పేరిట పాతదానినే మరల బిగించినచో అందలి బూజుగింజలు కడిగిన కాయిలు మీదికి మొదటి దినముననే చేరును.